మన తరువాత ఆ బిడ్డకు ఎవరు?



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో పిల్లల చదువులు, పెళ్ళి సంబంధాలు, అత్తాకోడళ్ళ తగవులే ఎక్కువ. ఈ మధ్య ఒక తల్లి రాసిన ఉత్తరం మాత్రం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆమె కుమార్తెకు 19 ఏళ్ళు. బుద్ధి ఎదుగుదల చిన్న పిల్లలాగే ఆగిపోయింది. ఇల్లు, ఎకరంన్నర పొలం ఉన్నాయి. "మేము పోయాక దీనిని ఎవరు చూస్తారు? పొలం దీని పేరున రాస్తే ఎవరైనా వేలిముద్ర వేయించుకుంటారేమో. అన్నదమ్ముల పేరున రాస్తే దీనికి ముద్ద పెడతారో లేదో. ట్రస్టు రాయించుకోమని ఎవరో చెప్పారు. దానికి ఎలాంటి ప్లీడరును వెతకాలి? మాకు కోర్టు ముఖం తెలియదు" అని రాశారు.

అమ్మా, మీ ప్రశ్నకు పుస్తకం చూసి జవాబు చెప్పనక్కరలేదు. మా ఇంట్లోనే ఇది జరిగింది. మేము చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

మా అక్కకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పుట్టుకతోనే మేధోవైకల్యం గలవాడు. అన్నం తినగలడు, స్నానం చేయగలడు, ఆదివారం అందరికంటే ముందు గుడికి తయారవుతాడు. కాని పది రూపాయల నోటుకూ వంద రూపాయల నోటుకూ తేడా తెలియదు. చిన్నవాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. 2021లో బావకు గుండెకు ఆపరేషన్ అయింది. ఆసుపత్రి మంచం మీద నుండి ఆయన నాతో అన్న మొదటి మాట, "బావా, పెద్దోడి సంగతి ఏదో ఒకటి రాసిపెట్టాలి" అని.

ఇంటికి వచ్చిన నెలలోపే మేము వెళ్ళింది ప్లీడరు దగ్గరికి కాదు, రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట కూర్చునే దస్తావేజుల రైటరు దగ్గరికి. మన పల్లెల్లో అందరూ చేసేది అదే. ఆయన అంతా విని, "దీనికి ట్రస్టులు ఎందుకండీ, చిన్నబ్బాయి పేరున దాన సెటిల్మెంటు రాసేద్దాం. అన్నను చూసుకుంటానని నోటిమాట చెబుతాడు కదా" అన్నారు. స్టాంపు కాగితాల ఖర్చు కూడా లెక్క కట్టారు. సంతకానికి రోజు కూడా పెట్టుకున్నాం. అక్కే అడ్డుపడింది. "నా చిన్నకొడుకు మంచివాడే. వాడికి ఏదైనా అయితే? పొలం కోడలికి, మనవలకు పోతుంది. అప్పుడు పెద్దోడు ఎవరిని అడగాలి?" అంది. చదివింది ఐదో తరగతే అయినా, దస్తావేజులో లేని సంగతి ఆమెకే కనిపించింది.

ఇంకొకరు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయమన్నారు. ఇది చాలామంది పడే పొరపాటు. రాసి ఇచ్చిన మనిషి బ్రతికి ఉన్నంత కాలమే మామూలుగా ఆ కాగితానికి బలం. మనం పోయాక బిడ్డకు అక్కరకు రావలసిన కాగితం మనతోనే పోతే లాభమేమి?

ట్రస్టు అంటే ఏమిటో సులువుగా చెబుతాను. ఆస్తిని ఒకరి చేతిలో పెడతాం, దాని ఫలం మరొకరికి చెందాలంటాం. చేతిలో పెట్టుకున్నవారు ట్రస్టీలు. ఫలం అనుభవించేవారు లబ్ధిదారు. పొలం ట్రస్టీల పేరున ఉంటుంది గాని వారిది కాదు. 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం కుటుంబ ట్రస్టులకు వర్తిస్తుంది. పొలం, ఇల్లు వంటి స్థిరాస్తిని ట్రస్టు చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలి, సంతకం చేయాలి, రిజిస్టరు చేయాలి. లేదా వీలునామాలో రాయాలి. నోటిమాట చెల్లదు. ట్రస్టీ ఆ ఆస్తిని సొంత లాభానికి వాడుకోకూడదు. కోర్టు అనుమతి లేకుండా దానిని తాను కొనకూడదు, కౌలుకు కూడా తీసుకోకూడదు. లెక్కలు రాసి ఉంచాలి. ఇవన్నీ చట్టంలోనే ఉన్నాయి.

ఇక ప్లీడరును వెతకడం. మన దేశంలో 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ప్రకారం కోర్టులో వాదించేవారూ, దస్తావేజులు చూసేవారూ అని వేరు వేరు తరగతులు లేవు. అందరూ అడ్వొకేట్లే. కాని ఎవరి అలవాటు వారిది. ఒకరు క్రిమినల్ కేసులు చూస్తారు, ఒకరు యాక్సిడెంట్ కేసులు చూస్తారు, ఒకరు భూముల దస్తావేజులు చూస్తారు. బార్ కౌన్సిల్ నియమాలు లాయర్ల ప్రకటనలను ఒప్పుకోవు కనుక బోర్డులు, కరపత్రాలు చూసి మంచి చెడ్డలు తెలుసుకోలేం. అడిగి తెలుసుకోవలసిందే. మేము ముగ్గురి దగ్గరకు వెళ్ళాం.

మొదటివారు మా సంఘస్థుల బంధువు. పెద్ద పేరున్నవారు. "నేను క్రిమినల్ ప్రాక్టీసు వాణ్ణండీ. ట్రస్టు డీడు రాయగలను గాని, రోజూ చేసే పని కాదు. వేరేవారిని చూసుకోండి" అన్నారు. అప్పుడు మాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. తెలియనిది తెలియదని చెప్పడం ఎంత మేలు!

రెండవవారు ఐదు నిమిషాల్లో అంతా తేల్చేశారు. కంప్యూటరులో ఉన్న నమూనాలో పేర్లు మార్చి ఇస్తానన్నారు. ఫీజు పొలం విలువలో ఇంత శాతం అన్నారు. ట్రస్టీగా తన పేరు కూడా వేయమన్నారు. మా పెద్దవాణ్ణి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. లేచి వచ్చేశాం.

మూడవవారి పేరు మాకు బ్యాంకులో దొరికింది. పొలం మీద అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకులు తమ ప్యానెల్ అడ్వొకేటు చేత దస్తావేజులు చూపిస్తాయి. అలాంటివారికి భూమి కాగితాలలో లొసుగులు పట్టడం రోజూ చేసే పని. వారు ఒక నడివయసు ఆవిడ. మేము కూర్చోగానే, "అబ్బాయిని తీసుకురాలేదా?" అని అడిగారు. తరువాత గంటసేపు ఆమె అడిగిందే ఎక్కువ, చెప్పింది తక్కువ. వాడు ఏమి తింటాడు, మందులేమైనా వాడతాడా, ఎవరి మాట వింటాడు, తల్లి లేకపోతే ఏ ఊళ్ళో ఉండగలడు, చిన్నబ్బాయి భార్య ఏమంటుంది, ఇలా ఒక్కొక్కటి అడిగారు. ఆ తరువాత బావ వైపు తిరిగి ఒక ప్రశ్న వేశారు.

"అయ్యా, ఈ రెండెకరాలు మీకు ఎలా వచ్చాయి?"

"మా నాయన గారివండీ. ఆయన 1998లో పోయారు, అమ్మ 2009లో. పాసు పుస్తకం నా పేరుతోనే ఉంది."

"మీకు అక్కచెల్లెళ్ళు ఉన్నారా?"

"ఇద్దరు ఉన్నారు."

"మీ నాయన గారు వీలునామా రాశారా?"

"లేదు."

ఆమె కలం కింద పెట్టి చెప్పిన సంగతి మన క్రైస్తవ కుటుంబాలన్నీ తెలుసుకోవలసినది. మనకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. తండ్రి వీలునామా లేకుండా పోతే, భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ సమానం. కొడుకు, కూతురు అనే తేడా లేదు. పెళ్ళయిందా లేదా అన్న తేడా కూడా లేదు. తల్లి కూడా వీలునామా లేకుండానే పోయారు కనుక, ఆమె వాటా కూడా ముగ్గురు బిడ్డలకే చెందింది. అంటే బావ తనదనుకున్న రెండెకరాలలో ఆయనది మూడవ వంతే! రెవెన్యూ పుస్తకంలో పేరు ఎక్కినంత మాత్రాన ఇతరుల హక్కు పోదు. తనది కానిది ట్రస్టులో పెడితే, రేపు ఏ మేనల్లుడో కోర్టుకు వెళితే, ఆ పిల్లవాడి కూడే పోతుంది.

రైటరుగారు కూడా, రెండవ ప్లీడరుగారు కూడా ఈ ప్రశ్న అడగలేదు.

ఆ రాత్రి బావ అన్నం తినలేదు. ఇరవై ఏళ్ళుగా దున్నుకుంటున్న పొలం కోసం అక్కచెల్లెళ్ళ ముందు చేయి చాచాలి. పెద్దావిడ ఖమ్మంలో ఉంటుంది. ఫోను చేసిన వారానికే వచ్చి, హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చేస్తానంది. చిన్నావిడ రెండు నెలలు మాట్లాడలేదు. తన పెళ్ళికి ఏమీ పెట్టలేదని ఆమె మనసులో పాత బాధ ఉంది. అది న్యాయమైన బాధే. బావ స్వయంగా ఆమె ఇంటికి వెళ్ళి, అంతవరకు ఎన్నడూ ఒప్పుకోనిది ఒప్పుకున్నారు. చివరకు ఆమె, "అన్నయ్యా, నీకోసమని కాదు, ఆ పిల్లవాడికోసం పెడుతున్నాను" అని సంతకం చేసింది. ఆమెకు బావ తన కౌలు డబ్బులో నుండి కొంత ఇచ్చారు. ఆ దస్తావేజు రిజిస్టరయ్యాకే ట్రస్టు కాగితం మొదలుపెట్టాం.

తరువాత వచ్చింది ఇంకొక చిక్కు. చిన్నవాడు హైదరాబాదు నుండి వచ్చి సంగతి విని, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "మామయ్యా, నా అన్నను నేను చూడనా? నామీద నమ్మకం లేకనే కదా ఈ కోర్టు కాగితాలు" అన్నాడు. వాడికి నేను జవాబు చెప్పలేకపోయాను. ప్లీడరుగారే చెప్పారు. "బాబూ, ఇది నీమీద అపనమ్మకం కాదు. రేపు నీకు జబ్బు చేసినా, దూర దేశం వెళ్ళినా, నీ పిల్లల చదువులకు డబ్బు చాలకపోయినా, అన్న డబ్బు జోలికి పోవలసిన అవసరం నీకు రాకుండా ఈ కాగితం నిన్ను కూడా కాపాడుతుంది" అన్నారు. వాడు చాలాసేపు తల వంచుకుని కూర్చుని, చివరికి తానూ ఒక ట్రస్టీగా ఉంటానన్నాడు.

ముగ్గురు ట్రస్టీలు ఏర్పడ్డారు. చిన్నవాడు, నేను, ఊళ్ళోనే రిటైరైన ఒక టీచరమ్మ. ఆమెకు ఆ ఆస్తిలో ఏ ఆశా లేదు, పిల్లవాడికి ఆమె అంటే చనువు. పెద్దవాడి తరువాత పొలం చిన్నవాడికి చెందాలని రాశారు. అన్నకు తక్కువ ఖర్చు పెడితే తనకు ఎక్కువ మిగిలేవాడి చేతిలోనే తాళాలన్నీ ఉండకూడదు గనుక మిగతా ఇద్దరు అవసరమయ్యారు. కాగితంలో వేరేగా రాయకపోతే ట్రస్టీలందరూ కలిసే పని చేయాలి, ఒక్కరి సంతకం చెల్లదు. ట్రస్టీగా ఒప్పుకున్నాక మనసు మారిందని వదిలేసి పోవడానికి కూడా వీల్లేదు. కాగితంలో దారి ఉంచాలి, లేదా కోర్టు అనుమతి కావాలి. కనుక మొహమాటానికి ఎవరినీ ట్రస్టీగా వేయకండి, మీరూ ఒప్పుకోకండి.

పొలాన్ని బ్రతికి ఉండగానే ట్రస్టులో పెట్టారు. ఇల్లు మాత్రం అక్క పేరున ఉంది. "ఇల్లు ఇప్పుడే ఇచ్చేయకండి. రద్దు చేసుకునే హక్కు కాగితంలో ఉంచుకోకపోతే ఒకసారి రాసిన ట్రస్టును వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మీకు ముసలితనంలో నీడ ఉండాలి" అని చెప్పి, ఇంటిని వీలునామా ద్వారా అదే ట్రస్టుకు చెందేటట్లు రాయించారు. వీలునామా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు గాని చేయిస్తే మంచిది. ఇద్దరు సాక్షులు ఉండాలి. వీలునామాలో ఆస్తి పొందేవారు గాని, వారి భార్య లేక భర్త గాని సాక్షిగా సంతకం చేస్తే, వారికి రాసింది చెల్లకుండా పోతుంది. మన చట్టంలో ఇంకొక సంగతి కూడా ఉంది. వీలునామా రాసిన తరువాత ఆ మనిషి పెళ్ళి చేసుకుంటే పాత వీలునామా రద్దయిపోతుంది. మళ్ళీ పెళ్ళి చేసుకున్న వారు ఇది గుర్తుంచుకోవాలి.

కొందరు, "సంఘానికే రాసేస్తే బిడ్డను సంఘమే చూస్తుంది కదా" అంటారు. సంఘానికి ఇవ్వడం మంచిదే. వీలునామా ద్వారా మత, ధర్మ కార్యాలకు ఇచ్చే క్రైస్తవులకు ఉన్న పాత అడ్డంకిని సుప్రీం కోర్టు 2003లో కొట్టివేసింది కూడా. కాని సంఘానికి కానుకగా ఇచ్చిన ఆస్తి వేరు, బిడ్డకోసం పెట్టిన ట్రస్టు వేరు. కాపరులు మారుతారు, కమిటీలు మారుతాయి. కాగితంలో బిడ్డ పేరు లేకపోతే రేపు ఆ బిడ్డ తరపున అడిగే హక్కు ఎవరికీ ఉండదు. ముందు బిడ్డకు రాసి, బిడ్డ తరువాత మిగిలినది సంఘానికని రాయవచ్చు.

ఉత్తరం రాసిన తల్లికి ఇంకొక మాట. ట్రస్టు ఆస్తిని చూస్తుంది, మనిషిని చూసేవారు వేరుగా ఉండాలి. 18 ఏళ్ళు దాటిన మేధోవైకల్యం గలవారికి, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు గలవారికి సంరక్షకుణ్ణి నియమించడానికి 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. జిల్లా కలెక్టరు సభ్యుడుగా ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టాలి. మీ అమ్మాయి విషయంలో ఇది కూడా చేయించండి.

లాయరు ఫీజుకు డబ్బు లేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. బాప్తిస్మం తీసుకున్నాక ఎస్సీ సర్టిఫికెట్ లేదే అని బాధపడనక్కరలేదు. మీరు స్త్రీ, మీ అమ్మాయి వికలాంగురాలు, అంతే చాలు.

ప్లీడరు దగ్గరకు మొదటిసారి వెళ్ళేటప్పుడు ఇవి తీసుకువెళ్ళండి: పాత దస్తావేజులు, అంటే లింకు కాగితాలన్నీ, పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్, 1-బి, ఈసీ, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేర్లు, బిడ్డ వైకల్య ధ్రువపత్రం, ఆధార్. మీ భూమి ప్రభుత్వం ఇచ్చిన డి-ఫారం పట్టా అయితే ఆ సంగతి మొదటే చెప్పండి. అసైన్డ్ భూముల బదిలీకి 1977 నాటి చట్టం షరతులు పెట్టింది, వాటిలో మార్పులు కూడా వచ్చాయి. మీ భూమికి ఏది వర్తిస్తుందో చూడకుండా ఏ కాగితమూ రాయవద్దు.

ఇవి అడగండి: ఇలాంటి ట్రస్టు కాగితాలు ఇంతకుముందు రాశారా? ఫీజు ఎంత, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరుగా ఎంత? రాతప్రతి తెలుగులో ఇచ్చి ఇంటికి తీసుకువెళ్ళనిస్తారా? ట్రస్టీ చనిపోతే కొత్తవారిని ఎవరు వేస్తారు? పొలం అమ్మవలసి వస్తే ఎవరి ఒప్పుదల కావాలి? బిడ్డ తరువాత ఆస్తి ఎవరికి? ట్రస్టు పేరున పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, పన్ను సంగతి ఏ ఆడిటరును అడగాలి? వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పేవారి దగ్గరే కూర్చోండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం చేయకండి.

మా ట్రస్టు కాగితం 2022లో రిజిస్టరయింది. మరుసటి సంవత్సరమే బావ ప్రభువునందు నిద్రించారు. అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ట్రస్టు పేరున బ్యాంకు ఖాతా తెరవడం ఆలస్యం చేశాం. ఆ ఏడాది కౌలు డబ్బు తీసుకోవడానికి నాలుగు నెలలు తిరిగాం. అది మా నిర్లక్ష్యమే. మీరు కాగితం రిజిస్టరయిన వారంలోనే ఆ పని మొదలుపెట్టండి.

ఇప్పుడు ప్రతి మూడు నెలలకు మేము ముగ్గురం అక్క ఇంట్లో కూర్చుని లెక్క రాస్తాం. కౌలు ఎంత వచ్చింది, మందులకు ఎంత, బట్టలకు ఎంత అని టీచరమ్మ చదువుతుంది, చిన్నవాడు సంతకం చేస్తాడు. పెద్దవాడు మా పక్కనే కూర్చుని, తనకూ ఒక కలం ఇమ్మంటాడు. ఇస్తాం. లెక్కల పుస్తకం చివరి పేజీ నిండా వాడు గీసిన గీతలే.

అమ్మా, రేపు సోమవారమే మీ పాత కాగితాల పెట్టె తెరవండి. మీ మామగారి తరువాత ఆ పొలం ఎవరెవరికి చెందిందో ఒక కాగితం మీద రాసుకోండి. మీ పని అక్కడ మొదలవుతుంది. ప్లీడరు దొరికాక రాతప్రతి చదివి అర్థం కాని మాట ఏదైనా ఉంటే, సంతకానికి ముందే ఈ శీర్షికకు రాయండి.